డజను మంది, ఒక రచయిత, ఒక రాకెట్!

మీకు తెలుసా? ప్రపంచంలో మొట్టమొదటి సైన్స్ ఫిక్షన్ సమావేశం ఓ ఇంట్లో జరిగింది! 1936 అక్టోబర్ 22న న్యూయార్క్‌లో అరడజను మంది కుర్రాళ్లు రైలెక్కి ఫిలడెల్ఫియాలో దిగారు. అక్కడ ఇంకో అరడజను మంది వాళ్లకోసం ఎదురుచూస్తున్నారు. అంతా కలిసి స్నేహితుడి ఇంట్లో కూర్చున్నారు. తాము పెట్టుకున్నది కన్వెన్షనే అని తీర్మానించేశారు. హన్మకొండలో ఏ డాబా మీదైనా సరిపోయే సభ!

కాదు కాదు, మొదటిది మాదే అంటారు ఇంగ్లండ్ వాళ్లు. 1937 జనవరి 3న లీడ్స్ నగరంలోని థియోసాఫికల్ హాలు మాట్లాడుకుని మరీ పెట్టారు. వచ్చినవాళ్లు సుమారు ఇరవై మంది. ఎవరు ముందు అన్న పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. దాదాపు తొంభై ఏళ్లు!

ఆ ఇరవై మందిలో పంతొమ్మిదేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. ఎవరో చెప్పుకోండి చూద్దాం? ఆర్థర్ సి. క్లార్క్! పంతొమ్మిదేళ్ల తర్వాత, 1956లో, న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకు ఆయనే ముఖ్య అతిథి. వెనక బెంచీ నుంచి వేదిక మీదికి సరిగ్గా ఇంకో పంతొమ్మిదేళ్లు!

మీకు తెలుసా? మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకు వచ్చింది సుమారు 200 మందే. 1939 జూలై 2న న్యూయార్క్‌లో మొదలైంది. పేరు 'ప్రపంచ' సభ, జనం ఓ మోస్తరు పెళ్లికి వచ్చేంత!

దాని ముఖ్య అతిథి రచయిత కాదు. ఫ్రాంక్ ఆర్. పాల్ అనే చిత్రకారుడు. పత్రికల అట్టల మీద రాకెట్లూ గ్రహాంతర జీవులూ గీసిన చెయ్యి అది. కథలు రాసినవాళ్లంతా కింద కూర్చుని చప్పట్లు కొట్టారు!

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆ సభకు లాస్ ఏంజిలస్ నుంచి పద్దెనిమిదేళ్ల కుర్రాడు బయల్దేరాడు. వీధి మూల నిలబడి పేపర్లు అమ్ముకునేవాడు. బస్సు చార్జీలకు డబ్బుల్లేవు. స్నేహితుడు ఫారెస్ట్ ఆకర్‌మన్ దగ్గర అప్పు చేసి, దేశం ఆ చివర నుంచి ఈ చివరకు బస్సులో వచ్చాడు. ఆ పేపర్ల కుర్రాడి పేరు రే బ్రాడ్‌బరీ!

వచ్చినవాడు ఖాళీ చేతులతో రాలేదు. తన కథలు కాదు, హానెస్ బోక్ అనే స్నేహితుడి బొమ్మలు మోసుకొచ్చాడు. న్యూయార్క్ సంపాదకుల గడపలెక్కి, ఒక్కొక్క బొమ్మా తీసి చూపించాడు. అదే ఏడాది డిసెంబర్‌లో 'వియర్డ్ టేల్స్' పత్రిక అట్ట మీద బోక్ బొమ్మ వచ్చేసింది. అప్పు తనది, అట్ట స్నేహితుడిది! ఇలాంటి దోస్తు దొరికితే వదులుకుంటామా?

అప్పిచ్చిన ఆకర్‌మన్ సంగతి వినండి. భవిష్యత్తులో మనుషులు వేసుకునే బట్టలంటూ భుజాల మీద కేపు తగిలించుకుని న్యూయార్క్ వీధుల్లో తిరిగాడు. ఆ డ్రెస్సు డిజైన్ చేసి కుట్టిన మర్టిల్ డగ్లస్ తానూ అలాంటిదే వేసుకుని వచ్చింది. ఇవాళ హైదరాబాద్ కామిక్ కాన్‌లో వేషాలు కడుతున్న పిల్లలందరికీ వాళ్లిద్దరే మూలపురుషులు... కాదు, మూలదంపతులూ కాదు, ప్రేమజంట!

అదే హాల్లో ఇంకో కుర్రాడు, పంతొమ్మిదేళ్లవాడు: ఐజాక్ అసిమోవ్. తొలి కథ అచ్చయి ఆరు నెలలు కూడా నిండలేదు. ఒక్క హాలు, ఒక్క మధ్యాహ్నం, బ్రాడ్‌బరీ, అసిమోవ్ ఇద్దరూ! ఆ రోజు గేటు దగ్గర టికెట్లు చింపినవాడికి ఆ సంగతి తెలిసుంటుందా?

మీకు తెలుసా? గెలాక్సీలు దాటే కథలు రాసిన అసిమోవ్‌కు విమానం అంటే భయం! జీవితం మొత్తంలో ఎక్కింది రెండేసార్లు. ఆ తర్వాత ఎక్కడ సభ అన్నా కారో, రైలో, ఓడో. నక్షత్రాల మధ్య రోజుకోసారి తిరిగొచ్చిన మనిషికి నేల మీద ఉండటమే నచ్చింది!

1963లో వాషింగ్టన్ సభలో హ్యూగో అవార్డులు ఇచ్చే పని అసిమోవ్‌దే. ఒక్కొక్క పేరూ చదువుతూ, తనకు మాత్రం ఒక్కటీ రాలేదని సరదాగా గొణుగుతూ వచ్చాడు. చివరి కవరు విప్పాడు. అందులో ఉన్నది తన పేరే! అవార్డు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒక్కడే అయిన ఘడియ అది.

హ్యూగో అంటే సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద అవార్డు, రాకెట్ బొమ్మ. 1953లో మొదటిసారి ఇచ్చారు. ఆ రాకెట్లు చేసిందెవరు? జాక్ మెక్‌నైట్ అనే అభిమాని. ఓ పక్క సభ జరుగుతోంది, ఇంకో పక్క ఆయన వర్క్‌షాపులో లోహం చెక్కుతూ కూర్చున్నాడు. ట్రోఫీలు సభకు అందాయి, పాపం ఆయనకు సభ అందలేదు! మనం వరంగల్‌లో ఇలాంటి సభ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. వరంగల్ దారిలోనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద గుడి గోపురమే దించే చేతులకు రాకెట్ ఎంత పని?

మరుసటి ఏడాది, 1954లో, హ్యూగో అవార్డులే ఇవ్వలేదు! 1955లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఏడాది ఆగిపోయి ఉంటే ఇంత కథ ఉండేదా?

మీకు తెలుసా? ఓడిపోయినవాళ్లకూ పార్టీ ఉంది! 1976లో కాన్సాస్ సిటీ సభలో హ్యూగో చేజారిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్, తన మిత్రుడు గార్డ్‌నర్ డోజోయ్‌తో కలిసి హోటల్ గదిలో 'హ్యూగో లూజర్స్ పార్టీ' పెట్టాడు. అవును, తర్వాత 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాసిన మార్టినే. ఓడినవాళ్ల గదిలోనే సందడి ఎక్కువట!

అదే 1976 సభకు ముఖ్య అతిథి రాబర్ట్ హైన్‌లైన్. ఆటోగ్రాఫ్ కావాలా? ముందు రక్తం ఇచ్చి రండి అన్నాడు! ఆయనది అరుదైన గ్రూపు. అంతకుముందు తన ప్రాణం నిలబెట్టింది ముక్కూమొహం తెలియని దాతలే. అందుకే ఆ షరతు. అభిమానులు బారులు తీరి చేతులు చాపారు. మన ఎం.జి.ఎం. ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకు ఇలాంటి రచయిత ఏడాదికి ఒక్కడొస్తే చాలదూ!

ఆయన సంగతే ఇంకోటి: 1941, 1961, 1976. మూడుసార్లు ప్రపంచ సభ ముఖ్య అతిథి. మొదటిసారి డెన్వర్‌లో ఆయన మాట్లాడుతుంటే విన్నవాళ్లు వందమంది కూడా లేరు!

మొండి అతిథి కావాలా? హార్లన్ ఎలిసన్ ఉన్నాడు. 1978లో సభ అరిజోనా రాష్ట్రంలో. స్త్రీల సమాన హక్కుల సవరణను ఆ రాష్ట్రం ఆమోదించలేదు. వస్తానని ముందే మాటిచ్చాడు, మాట తప్పడు. కానీ ఆ రాష్ట్రంలో పైసా ఖర్చు పెట్టనన్నాడు. హోటల్ గది వద్దని, ఇల్లున్న బండి తోలుకొచ్చి దాంట్లోనే మకాం పెట్టాడు! ముఖ్య అతిథి పార్కింగ్ స్థలంలో, మాట మాత్రం వేదిక మీద. సెబాష్!

ఆ ఎలిసన్‌కే ఇంకో అలవాటు. పుస్తకాల షాపు అద్దాల వెనక టైప్‌రైటర్ పెట్టుకుని, రోడ్డున పోయేవాళ్లు చూస్తుండగా కథ రాసేవాడు. పేజీ పూర్తయితే అద్దానికి అతికించేవాడు. హన్మకొండ చౌరస్తాలో ఇలా కూర్చుంటే ట్రాఫిక్ ఆగిపోదూ?

1979లో బ్రైటన్ సభ. డగ్లస్ ఆడమ్స్ రాసిన 'హిచ్ హైకర్స్ గైడ్' రేడియో నాటకానికే బహుమతి అని హాలంతా లెక్కలేసుకుంది. గెలిచింది 'సూపర్‌మ్యాన్' సినిమా! అందుకోవడానికి సూపర్‌మ్యాన్ వేషధారి క్రిస్టఫర్ రీవ్ స్వయంగా వచ్చాడు. వచ్చి, ఇదేదో ముందే కుదుర్చుకున్న వ్యవహారంలా ఉంది, ఇది ఆడమ్స్‌కు రావాల్సింది అని తేల్చేశాడు. హాలు దద్దరిల్లిపోయింది. అవార్డు ఒకరికి, చప్పట్లు ఇంకొకరికి!

మీకు తెలుసా? ఈ సభల్లో వేషాల పోటీకి ఓ విచిత్రమైన నియమం ఉంది: పీనట్ బటర్ పూసుకుని రాకూడదు! 1972లో ఓ కార్టూనిస్టు ఒంటినిండా పల్లీల ముద్ద పూసుకుని వచ్చేశాడు. వేడి దీపాల కింద అది కరిగి, పక్కనున్నవాళ్ల ఖరీదైన బట్టలకంతా అంటుకుంది. వరంగల్‌లో పెడితే ఇంకో నియమం కలపాలి: ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి పొడి పూసుకుని అస్సలు రాకూడదు!

ఇంగ్లండ్‌లో 1964లో ఈస్టర్ సభకు బడి చదువు ఇంకా పూర్తికాని ఓ పిల్లవాడు వచ్చాడు. సరిగ్గా 40 ఏళ్లకు, 2004లో, బోస్టన్ ప్రపంచ సభకు ఆ పిల్లవాడే ముఖ్య అతిథి. టెరీ ప్రాచెట్! ఇందుకే అంటాను, చిన్న సభల్లో వెనక వరసలో కూర్చున్న పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి.

సభకు వచ్చిన రచయితల కబుర్లు సరే, అసలు రానే రాని రచయిత? జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్. 1974లో హ్యూగో గెలిచినా ఎవరికీ మొహం చూపించలేదు. ఉత్తరాలు పోస్టు బాక్సుకే. ఆ రాతలు మగవాడివి తప్ప ఇంకెవరివీ కావని సాటి రచయిత రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1975లో రాసి మరీ చెప్పాడు. 1977లో గుట్టు బయటపడింది. టిప్‌ట్రీ అంటే ఆలిస్ షెల్డన్, అరవై దాటిన మహిళ! అంతకుముందు సి.ఐ.ఏ.లో పనిచేసిన మనిషి. రహస్యం దాచడం ఆమెకు ఎవరు నేర్పాలి?

1977లో ఫ్రాన్స్‌లోని మెట్స్ అనే ఊళ్లో చిన్న ఉత్సవం. ఫిలిప్ కె. డిక్ మైకు ముందుకొచ్చి, మనం బతుకుతున్న ఈ లోకం కంప్యూటర్ ప్రోగ్రామ్ అన్నాడు. జనం నోళ్లు తెరిచారు. 'మ్యాట్రిక్స్' సినిమా వచ్చింది 1999లో. 22 ఏళ్లు ముందు! ట్రైలర్ ఇంత ముందుగా ఎవరైనా వదులుతారా?

1990లో హాలండ్‌లోని హేగ్‌లో ప్రపంచ సభ. మరుసటి ఏడాది ఓ అంతర్జాతీయ సమావేశాన్ని తమ చెంగ్డూ నగరానికి రప్పించాలని చైనా సంపాదకురాలు యాంగ్ షియావో పట్టుబట్టింది. అడగడానికి హేగ్‌కు ఎలా వెళ్లింది? రైల్లో. ఎనిమిది రోజులు! కాజీపేట జంక్షన్‌లో రైలు ఎనిమిది నిమిషాలు ఆగితేనే మనం నాలుగుసార్లు వాచీ చూసుకుంటాం. ఆమె సాధించింది కూడా. 1991లో సమావేశం చెంగ్డూలోనే జరిగింది. 2023లో ఏకంగా ప్రపంచ సభే అక్కడికి వెళ్లింది.

మీకు తెలుసా? హ్యూగో విజేత పేరును ఒకసారి అంతరిక్షం నుంచి ప్రకటించారు! 2015లో చైనా రచయిత లియు సిషిన్ నవల గెలిచిందని చెప్పింది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగామి చెల్ లిండ్‌గ్రెన్. ఉత్తమ నవలగా ఆసియా రచయితకు దక్కిన మొదటి హ్యూగో అది. ఆ కేంద్రం ఉండేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున. అంటే వరంగల్‌కు తిరుపతికన్నా అదే దగ్గర!

2009 జూన్ 28న స్టీఫెన్ హాకింగ్ కేంబ్రిడ్జిలో పార్టీ ఇచ్చాడు. బుడగలు కట్టాడు, షాంపేన్ తెప్పించాడు. పార్టీ అయిపోయాక ఆహ్వానాలు పంపించాడు! పెళ్లయ్యాక శుభలేఖ వేసినట్టు. కాలంలో వెనక్కి ప్రయాణించగలవాళ్లు ఉంటే వస్తారు కదా అని ఆయన లెక్క. ఒక్కరూ రాలేదు. నాకైతే ఎవరో ఒకరు తలుపు దాకా వచ్చి సిగ్గుపడి వెళ్లిపోయారని నమ్మాలనుంది.

ఇక మన దేశానికి రండి. ఇక్కడ ఆశ్చర్యాలు ఇంకా ఎక్కువ!

భారతీయ సైన్స్ ఫిక్షన్ తొలినాళ్ల కథల్లో ఒకటి తలనూనె పోటీకి రాసింది. అవును, తలనూనె! 1896లో బెంగాల్‌లో 'కుంతలీన్' నూనె కంపెనీ కథల పోటీ పెట్టింది. కథలో నూనె పేరు రావాలి. జగదీశ్ చంద్ర బోస్ రాశాడు, మొదటి బహుమతి కొట్టాడు. కథేమిటంటారా? కలకత్తా మీదికి తుపాను వచ్చిపడుతోంది. ఓడ మీదున్న పెద్దమనిషి సముద్రంలో సీసాడు నూనె పోశాడు. అలలు అణిగిపోయాయి, తుపాను మాయం! రేడియో తరంగాల మీద పరిశోధనలు చేసిన చేయి రాసిన కథ ఇది.

1905లో బేగం రొకేయా 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. ఎగిరే బండ్లు, సూర్యరశ్మితో వంట, ఆడవాళ్ల రాజ్యం, ఇళ్లలో కూర్చున్న మగవాళ్లు! అది మొదట అచ్చయింది మద్రాసులో, 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. సంపాదకురాలు కమలా సత్యనాథన్. ఆమె ఎవరి ఆడపడుచో తెలుసా? తెలుగువాళ్ల ఆడపడుచే! సౌరశక్తి వంటిల్లు మన తెలుగావిడ బల్ల మీదుగా లోకానికి వెళ్లింది. ఈ మాట నేను గర్వంగా రాస్తున్నా.

ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ తొలి కథ ఎక్కడ మొదలైందో తెలుసా? అహ్మదాబాద్‌లో ఓ సదస్సులో, విసుగెత్తించే ఉపన్యాసం నడుస్తుండగా! 1974లో దాన్ని మరాఠీ విజ్ఞాన పరిషత్ పోటీకి పంపాడు. అసలు పేరు పెడితే పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని, తన పొడి అక్షరాలు తిరగేసి 'నారాయణ వినాయక్ జగతాప్' అని మారుపేరు పెట్టుకున్నాడు. చేతిరాత పట్టేస్తారని భార్యతో కాపీ రాయించాడు. మొదటి బహుమతి! ఇంత దాచినా దాగనిది కథ ఒక్కటే.

ఆ నార్లికరే 2021లో నాసిక్‌లో జరిగిన 94వ అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షుడు. నల్లబిలాల మనిషికి సాహిత్య పీఠం! ఆరోగ్యం సహకరించక ఆయన రాలేకపోయాడు. పీఠం మాత్రం ఆయనదే.

1966లో కలకత్తాలో సైన్స్ ఫిక్షన్ సినిమాల కోసం ఓ క్లబ్బు పెట్టారు. అధ్యక్షుడు ఎవరో? సత్యజిత్ రాయ్! కార్యదర్శి ఆద్రిష్ బర్ధన్. అదే ఏడాది వాళ్లిద్దరూ ఇంకో ఇద్దరు రచయితలతో కలిసి ఆకుపచ్చ మనుషుల కథను ఆకాశవాణిలో చదివారు. ఒక్క కథ, నలుగురు రచయితలు, ఒక్క మైకు! రేడియో ముందు కూర్చున్న పిల్లలు ఆ రాత్రి నిద్రపోయారా?

మనకు దగ్గర్లోనే ఇంకోటి: భారతీయ సైన్స్ ఫిక్షన్ అధ్యయన సంఘం 1998లో పుట్టింది వెల్లూరులో. చిత్తూరు పక్కనే! చిత్తూరులో కాఫీ పట్టుకుని బయల్దేరితే చల్లారేలోపు చేరిపోయేంత దూరం.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెబుతూ, తెలుగులో సైన్స్ కథలు రాసి, నిఘంటువు కూడా కట్టిన వ్యక్తి వేమూరి వేంకటేశ్వరరావు. ఒక్క మనిషికి మూడు ఉద్యోగాలు, జీతం ఒకదానికే!

మీకు తెలుసా? ఇస్రో ఓ రచయిత ఇంటికి వెళ్లి యాంటెన్నా బిగించి వచ్చింది! ఉపగ్రహాలు ఆకాశంలో కదలనట్టు నిలబడి ప్రసారాలు చేయగలవని క్లార్క్ 1945లోనే రాశాడు. ముప్పై ఏళ్లకు, 1975లో, మన ఉపగ్రహ టీవీ ప్రయోగం 'సైట్' మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీ! అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది, కార్యక్రమాల భాషల్లో తెలుగు ఉంది. అప్పుడే మన ఇంజనీర్లు కొలంబోలో క్లార్క్ ఇంట్లో డిష్ పెట్టారు. లీడ్స్‌లో ఇరవై మంది మధ్య కూర్చున్న కుర్రాడు రాసింది, మన పల్లెలో రచ్చబండ దగ్గర టీవీ అయి వెలిగింది. ఒళ్లు జలదరించదూ!

1991లో 'ఆదిత్య 369' సినిమా మనల్ని 1526కు తీసుకెళ్లి, అటునుంచి 2504కు విసిరేసింది. 978 ఏళ్ల దూకుడు, ఒక్క టికెట్ మీద! శ్రీకృష్ణదేవరాయల సభలో తెనాలి రామకృష్ణుడూ కనిపిస్తాడు. రచయిత సభకు రావడం సరే, ఇక్కడ ప్రేక్షకులే రచయిత సభకు వెళ్లారు!

'కల్కి 2898 ఏడీ' సినిమా పేరులో ఆ 2898 ఎక్కడిది? కలియుగం మొదలైందనే క్రీస్తుపూర్వం 3102 నుంచి సుమారు ఆరువేల ఏళ్లు లెక్కేయండి. సరిపోయిందా? పేరులోనే పంచాంగం!

మరి మన ఓరుగల్లులో ఇలాంటి సభ పెడితే? ఇక్కడ ప్లానెటేరియం ఉంది. పేరు ప్రతాపరుద్ర! 1323లో కోట పోగొట్టుకున్న రాజు పేరు మీద ఇప్పుడు నక్షత్రాలు చూస్తున్నాం. కోట పోయింది, ఆకాశం దక్కింది!

ఇక్కడి ఎన్.ఐ.టి.కి 1959 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదటి స్పుత్నిక్ ఎగిరి అప్పటికి రెండేళ్లూ ఆరు రోజులు! హాలుకు లోటు లేదు, కుర్రాళ్లకు అసలే లేదు. డజను మందిలో సగం అక్కడే దొరికేశారు.

అతిథులకు రామప్ప చూపిద్దాం. 1213 నాటి గుడి, నీళ్ల మీద తేలే ఇటుకలు! సైన్స్ ఫిక్షన్ రచయితలే నమ్మరు. బకెట్ దగ్గర పెట్టుకుని చూపించాలి.

ఇక ముఖ్య అతిథి ఎవరు? నా ఓటు బమ్మెర పోతనకే! నవ్వకండి, లెక్క చూడండి. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రం మొదట ఆగింది 8,02,701వ సంవత్సరంలో. ఆఖరికి మూడు కోట్ల ఏళ్లు దాటింది. పోతన భాగవతం నవమ స్కంధం తెరవండి. కకుద్మి అనే రాజు కూతురు రేవతికి వరుణ్ని అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్లాడు. అక్కడ పాట కచేరీ నడుస్తోంది. మధ్యలో ఏం అడుగుతామని కాసేపు ఆగాడు. పాట అయిపోయాక బ్రహ్మ చెప్పిందేమిటి? కింద 27 మహాయుగాలు గడిచిపోయాయని! ఒక్కో మహాయుగం 43,20,000 ఏళ్లు. గుణించండి: 11,66,40,000 ఏళ్లు! వెల్స్‌కన్నా 400 ఏళ్ల ముందు, వెల్స్ యంత్రం కన్నా దాదాపు నాలుగింతల దూరం!

రాజు మనసులో అనుకున్న వరులు, వాళ్ల మనవలు, మునిమనవలు అంతా ఎప్పుడో వెళ్లిపోయారు. చివరికి బ్రహ్మే బలరాముడి పేరు చెప్పి పంపాడు. కాబట్టి వరంగల్‌లో సభ పెట్టేవాళ్లకు ఒక్క మనవి: ప్రార్థనాగీతం రెండు చరణాలకు మించనివ్వకండి, బయట ఎన్ని యుగాలు గడిచిపోతాయో!